కోడి ఏమని కూసింది?

రేపే ప్రయాణం. మేడమ్ గదిలో పెట్టెలు సర్దుతోంది. ఈ గల్ఫ్ ఊళ్ళో, రుసైల్‌లో, సార్ కట్టిస్తున్న ఫ్యాక్టరీ ఆ తొంభైమూడు వేసవికి పూర్తయింది. ఇక వాళ్ళ కొరియాకే.

వంటింటి గుమ్మంలో కూర్చుని రామలక్ష్మి బొమ్మల పుస్తకం విప్పింది. పాప వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంది.

రామలక్ష్మిది రాజోలు. భర్త సైట్‌లో పడి చనిపోయిన ఏడాదే ఈ ఇంట్లో ఆయాగా కుదిరింది. మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే. పాపతో ఇంగ్లీషే మాట్లాడాలి. తెలుగు ముక్క చెవిన పడకూడదు. అందుకే కూడబలుక్కుంటూ ఇంగ్లీషు చదవడం నేర్చుకుంది.

కథ మాత్రం కొరియావాళ్ళదే. కొలనులో స్నానానికి దిగిన దేవకన్య బట్టల్ని కట్టెలు కొట్టేవాడు దాచేస్తాడు. ఆమెను పెళ్ళాడతాడు. ఓనాడు ఆ బట్టలు దొరికి, బిడ్డను చంకనేసుకుని ఆమె ఆకాశానికి ఎగిరిపోతుంది. చివరికి అతనూ పైకి చేరతాడు. అందరూ సుఖంగా ఉంటారు.

"అబద్ధం," అంది పాప. "ఇంగ్లీషు పిల్లలు ఏడుస్తారని అలా మార్చారట. అసలు కథలో అతను కిందే ఉండిపోతాడట. కోడిపుంజైపోయి, ఆకాశంకేసి చూసి అరుస్తాడట. మమ్మీ చెప్పింది."

రామలక్ష్మి పుస్తకం మూసింది.

"ఇదే బావుంది. నువ్వు ఇదే గుర్తుపెట్టుకో."

"కోడి ఎలా అరుస్తుంది ఆయా? మమ్మీ కోడి 'కొక్కియో' అంటుంది. స్కూల్లో కోడి 'కాకడూడుల్‌డూ' అంటుంది. మరి నీ కోడి?"

రామలక్ష్మి గదికేసి చూసింది. వంగి, పాప చెవిలో, "కొక్కొరోకో," అంది.

పాప పకపకా నవ్వింది.

పొద్దున్నే డ్రైవర్ నిజాముద్దీన్ పెట్టెలు కారెక్కించాడు.

"ఏందక్కా, గట్ల నిలబడ్డవ్? నువ్వు గూడ పెట్టెల గూసుంటవా ఏంది?"

"నన్ను మొయ్యలేవులే తమ్ముడూ," అంది. నవ్వబోయింది. రాలేదు.

కారు కదిలింది. పాప కిటికీలోంచి తల బయటపెట్టి, "కొక్కొరోకో!" అని కూసింది.

"మినా, కూర్చో!" మేడమ్ లోపలికి లాగింది.

"మీనా!" అంది గేటు దగ్గర రామలక్ష్మి. దీర్ఘం వద్దని మేడమ్ ఎన్నిసార్లు దిద్దినా ఆమెకు ఆ పేరు అలాగే వస్తుంది.

ఆ పేరొక్కటీ మార్చొద్దని బతిమాలాకే, ఆనాడు పురిటిమంచం మీంచి తన బిడ్డను మేడమ్ చేతుల్లో పెట్టింది రామలక్ష్మి.