కొట్టివేతలు లేని వ్యాసం

పాత నవల మీద నీరద డిజిటల్ పలకపై చేత్తో రాసిన విమర్శ వ్యాసాన్ని బడిలో వ్యాసాలు దిద్దే యంత్రం పొద్దున్నే తిప్పి పంపింది: "కొట్టివేతలు లేవు. మనిషి రాసినట్టు లేదు." తొమ్మిదిలోగా సరిదిద్దకపోతే సున్నా.

"మూడు కొట్టివేతలైనా ఉండాలని ట్యూషన్ మాస్టారు చెప్పలేదుటే?" అంది తల్లి వకుళ, కూతురి జడ అల్లుతూ.

"చెప్పారమ్మా. కానీ ఆ నవలలో తల్లి పిల్లను వదిలి పడవెక్కుతుంటే ఏడుపొచ్చేసింది. ఆగకుండా రాసేశాను."

"ఏదో ఒకటి కొట్టెయ్యవే, టైమైపోతోంది!"

నీరద వ్యాసమంతా వెతికింది. కొట్టెయ్యడానికి ఒక్క అబద్ధమూ దొరకలేదు. చివరికి పైనున్న తన పేరు కొట్టేసి మళ్లీ రాసింది. దాన్నీ కొట్టేసి మళ్లీ రాసింది. మూడోదీ కొట్టేసేసరికి తొమ్మిదయింది. వ్యాసం దానంతటదే వెళ్లిపోయింది.

వెంటనే జవాబొచ్చింది: "మనిషే రాశారు. ఎవరో తెలియదు."