ఒకే ఒక్క మినహాయింపు

“మా అన్నయ్య ఊరికి మా ఆవిడ కొన్న వచ్చేవారం టికెట్ రద్దు చెయ్యమ్మా. అన్నయ్య తానుగా ఫోన్ చేసి పిలిచేదాకా ఆ గడప తొక్కను,” అన్నారు రిటైరైన తర్కశాస్త్రం మాస్టారు.

“చవక టికెట్ అండీ. రద్దు చేస్తే పైసా రాదు,” అంది విమాన సంస్థ కౌంటర్లోని అమ్మాయి.

“నియమమన్నాక మినహాయింపు ఉండాలిగా?”

“ఉందండీ. దగ్గరి బంధువు పోయినట్టు ధ్రువపత్రం తెస్తే మొత్తం వాపసు.”

“ఇంకేం! బావగారు ఆస్పత్రి మంచం మీదే ఉన్నారు. కాస్త ఓపిక పట్టండి, పంతమూ దక్కుతుంది, డబ్బూ దక్కుతుంది,” అంది పక్కనే ఉన్న భార్య.

జీవితమంతా ఇతరుల వాదాల్లో లోపాలు పట్టిన మాస్టారికి ఈ వాదంలో ఒక్క లోపమూ దొరకలేదు.

“ఇవాళ్టికి మార్చగలవా?”

“టికెట్ కంటే మార్పు రుసుమే ఎక్కువండీ.”

“మార్చమ్మా,” అంటూ మాస్టారు తానే ఫోన్ తీసి అన్నయ్య నంబరు నొక్కారు.