ఓస్మున్ టార్చిలైటు

“కూర్చోవయ్యా బాబూ. నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి,” అంది ఐలిఫ్ భార్య గున్వోర్.

ఐలిఫ్ కూర్చున్నాడు. వెంటనే లేచాడు.

బడి ఆటలహాలు నిండా బల్లలు. బల్లల నిండా ఓడలు. యుద్ధనౌకలు, చమురు ఓడలు, చేపల ఓడలు. అన్నీ ప్లాస్టిక్‌వే, అన్నీ మూరెడు లోపువే. ఆ చివర ఓస్మున్ ముసలాయన నడుం వంచి ఒకదాని కడుపులోకి టార్చిలైటు కొడుతున్నాడు. ఈ బొమ్మ ఓడల పోటీకి న్యాయనిర్ణేత ఆయనే. ఆయన కంటికి ఆనని తప్పు లేదని తీరమంతా పేరు.

“ఈ ఫిరంగి గొట్టాలకి బెజ్జాలేవోయ్? చెవిలో తిప్పుకునే పుల్లల్లా ఉన్నాయి. వీటితో యుద్ధానికెళితే శత్రువు నవ్వలేక చస్తాడు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ ఓడ కట్టినవాడు కూడా నవ్వాడు, ఏడవలేక.

“ఆయన ఇటు రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. పోయి కాఫీ తాగిరా,” అంది గున్వోర్.

“తాగాను. ఇంకోటి తాగితే గుండె బయటికొస్తుంది.”

“అయితే ఈ వాఫల్ అట్టు తిను. పతకం రాకపోతే కొంపేం మునగదులే.”

“పతకం ఎవడిక్కావాలి?”

అది ఆమెకూ తెలుసు. ఊరికే అంది. వాఫల్ మీది చీజ్ ముక్క తనే నోట్లో వేసుకుంది.

ఐలిఫ్ ముందున్న ఓడ పేరు హావ్‌టెర్నా. ఒకప్పుడు ఈ రేవు నుంచే చేపల వేటకు వెళ్లేది. కొట్లో కొన్న విడిభాగాల డబ్బాలో వచ్చింది వేరే ఓడ. దాన్ని చిన్న రంపంతో కోసి, పొట్ట కుదించి, చుక్కాని గది కొత్తగా చేసి, చలికాలమంతా కూర్చుని హావ్‌టెర్నాగా మార్చాడు. అదీ మునిగే ముందు ఆఖరి ఘడియలో ఎలా ఉండి ఉంటుందో అలా. మంచు బరువుకు ఒక పక్కకి ఒరిగి, రెయిలింగు కనబడకుండా మంచు గడ్డకట్టి. వెనక పొగగొట్టం పక్కన గోటిలో సగం కూడా లేని మనిషి బొమ్మ ఒకటి నిలబడి ఉంది. ఇంజను చూసే ఐలిఫ్ వాళ్ల నాన్న.

నాన్న పోయేనాటికి ఐలిఫ్‌కి ఇంకా మాటలు రాలేదు.

ఆ ఓడ మీదివాళ్లలో ప్రాణాలతో తిరిగొచ్చింది ఓస్మున్ ఒక్కడే. ప్రాణాలు కాచే పడవను నీళ్లలోకి దించారు. మిగతావాళ్లను అందుకోవడానికి ఓస్మున్ ముందు దిగాడు. అంతలో పెద్ద కెరటం కొట్టింది, పడవను ఓడకు పట్టి ఉంచిన తాడు తెగింది, మంచుతెరలో పడవ ఎటో కొట్టుకుపోయింది. విచారణలో అదే చెప్పాడు. ఐలిఫ్ వాళ్లమ్మ వంటింట్లో కూర్చుని అదే చెప్పాడు. ఆ తరవాత ఆ ఓడ పేరెత్తలేదు. ఏటా క్రిస్మస్ ముందు మాత్రం ఒక పెద్ద కాడ్ చేపను వాళ్ల తలుపుకి తగిలించి పోయేవాడు. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు.

నాన్న ఆఖరి ఘడియని సరిగ్గా కట్టాడో లేదో చెప్పగలిగిన కళ్లు లోకంలో ఆ రెండే. అవి ఇక్కడ ఆగుతాయా, చూడనట్టు పక్క బల్లకి దాటుకుపోతాయా?

“అంత తెలిసినాయన తనొక్కటీ కట్టడేం?” అంది గున్వోర్.

“కట్టేవాడట. ఏదీ పూర్తి చెయ్యకుండానే వదిలేసేవాడట.”

ఐలిఫ్ పట్టకారు తీసి, ఓడ మీద లేని దుమ్ము ఏరబోయాడు.

“ముట్టుకోకు. ఇప్పుడేదన్నా ఊడిందంటే నిన్ను ఓదార్చడం నా వల్ల కాదు.”

అంతలో ఓస్మున్ వచ్చాడు. ఓడ ముక్కు మీద రాసిన పేరు చదివాడు. టార్చి ఆరిపోయింది.

“తప్పులుంటే చెప్పు బాబాయ్,” అన్నాడు ఐలిఫ్. “నువ్వు చెప్పకపోతే చెప్పేవాళ్లు లేరు.”

“నన్నొదిలెయ్‌రా అబ్బాయ్.”

అన్నాడే గాని కదల్లేదు. కళ్లు అప్పటికే ఓడ మీద పాకుతున్నాయి. తప్పు కనబడితే ఊరుకునే ప్రాణం కాదది. టార్చి మళ్లీ వెలిగింది.

“ఈ లంగరు చక్రం ఇంకాస్త వెనక్కుండాలి.”

“మారుస్తాను.”

“మంచు రెండు పక్కలా ఒక్కలాగే పోశావేంటి, కేకు మీద మీగడలాగా? గాలి ఇటు నుంచి కొట్టింది. ఇటు పెంచు.”

“సరే బాబాయ్.”

“మీ నాన్న టోపీ నల్లది కాదు. ఎర్రది. మీ అమ్మే అల్లింది.”

ఐలిఫ్ ఆ చిన్న బొమ్మ తలకేసి చూశాడు. గున్వోర్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

ముసలాయన భూతద్దం తీసి ఇంకా కిందికి వంగాడు. ఇప్పుడాయన ఈ హాల్లో ఉన్నట్టు లేడు. తనలో తనే గొణుక్కుంటున్నాడు. వెలుగు ఓడ పక్కనుంచి జారి, నీళ్ల మీదికి వేలాడుతున్న ఆ పడవ తాడు ముక్క దగ్గర ఆగింది. అన్నిటికన్నా ఐలిఫ్ ఎక్కువ శ్రమపడింది దానికే. మిగతా తాళ్లన్నీ ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి మీద వేడిచేసి వెంట్రుకంత సన్నగా సాగదీసినవి. ఇదొక్కటే పట్టుదారం. కెరటానికి తెగినట్టు కనబడాలని కొసని సూదితో పీచుపీచుగా విప్పాడు.

ఓస్మున్ చిరాగ్గా నాలిక చప్పరించాడు, ఇందాకటి ఫిరంగి గొట్టాల దగ్గర చప్పరించినట్టే.

“ఇది శుద్ధ తప్పు, కత్తితో కోసిన తాడుకి పీచులెక్కడ లేస్తాయిరా?”