పన్నెండో పెట్టె

కంపెనీ క్వార్టర్స్‌లోని వైఫై పెట్టెల్ని గుంపుల్లో చేర్చడం సలోమి ఇంట్లోంచి చేసే ఉద్యోగం. పెట్టె ఏ గుంపులో ఉంటే దాని కింద కాపురమున్నవాళ్లదీ అదే గుంపు. తలుపులూ కుళాయిలూ ఆ గుంపుని చూసే మాట వింటాయి. ఆ పొద్దున తెర మీద కంట్రోలర్ ప్రోగ్రాం పన్నెండు పెట్టెల్ని ‘నిలిపివేత’ గుంపులో వేయమంది. రోజూలాగే ఆమె నంబర్లు చదవకుండా అన్నిటినీ అందులోకి నెట్టేసింది.

వంటింట్లోంచి భర్త ప్రభుదాసు కేకేశాడు. "సలోమీ, కుళాయి ఆగిపోయిందే!"

"వస్తుందిలెండి."

"తలుపు కూడా తెరుచుకోవట్లేదు."

ఆమె గబగబా జాబితా చూసింది. పన్నెండోది వాళ్ల ఇంటి పెట్టే. వెనక్కి తీయబోతే, మీ గుంపుకి ఆ అధికారం లేదంది తెర.

ఇద్దరూ తలుపు బాదారు. పోయిన వారం కింది ఇంటివాళ్లు ఇలాగే బాదుతుంటే సలోమి టీవీ సౌండు పెంచింది.

ఇప్పుడు పై ఇంట్లో టీవీ సౌండు పెరిగింది.