అత్త వెంట నడక

“లేవే నీలా! పొద్దెక్కుతుంది. నడువకుంటే నాకు రోజూ సూదులేనంట, ఎరుకేనా?”

అత్త దేవవ్వ కేకకు నీల ఒళ్లోని బీడీలు చుట్టే చాట పక్కకు పెట్టింది. పొద్దున్నే కూర్చున్నా పని ముందుకు సాగలేదు. ఒళ్లంతా నీరసం. చెంబెడు నీళ్లు గటగటా తాగినా నాలుక ఎండిపోతూనే ఉంది. అయినా లేవక తప్పదు. కాదంటే రోజంతా అత్త సణుగుడు వినాలి.

సకల జనుల సమ్మెతో బస్సులు బందయ్యి కోరుట్ల రోడ్లు బోసిపోయాయి. డ్రైవర్లు, సార్లు, ఆఫీసుల వాళ్లు అందరూ సమ్మె టెంటు కిందే ఉన్నారు. నడవడానికి ఇంతకంటే మంచి రోజులు రావంటుంది దేవవ్వ. తెలంగాణ తొందరగా వచ్చేస్తే రోడ్డు మళ్లీ బస్సులతో నిండుతుంది, ఈ నడక తప్పుతుంది అని నీల ఆశ.

షుగర్ సంగతి సమ్మెకు కొంచెం ముందే తెలిసింది. పానం బాగుంటలేదంటూ దేవవ్వే కోడల్ని వెంటబెట్టుకుని డాక్టర్ అబ్రార్ దవాఖానకు పోయింది. తీరా సూది చూశాక చిన్నపిల్లలా చేతులు వెనక్కి దాచుకుంది.

“ముందుగాల నా కోడలికి తియ్యి సార్. దానికి నొప్పి కాకుంటెనే నేను చెయ్యిస్త.”

డాక్టర్ నవ్వి ఇద్దరి నెత్తురూ తీసుకున్నాడు. మరునాడు ఫలితం తెలుసుకోవడానికి దేవవ్వ ఒక్కతే పోయింది. తిరిగొచ్చి గడపలో కూలబడింది.

“నాకు షుగర్ ఉన్నదంట బిడ్డా.”

నీల గబగబా వచ్చి పక్కన కూర్చుంది. సిరిసిల్లలో ఆమె తల్లికి షుగర్ ముదిరి, పుండు మానక, కాలు తీసేశారు. కడదాకా ఆ పుండు కడిగింది నీలే. “నాకు గనక ఆ రోగం అస్తే నేను బతుక” అని తల్లి పోయిన నాడు అందరి ముందూ ఏడ్చింది. అప్పటి నుంచి ఆ పేరెత్తితేనే ఆమెకు వణుకు. మొగుడు పర్శరాం చూస్తే దుబాయిలో. ఇప్పుడు అత్త కాలికీ అదే గతి పడితే ఒక్కతే ఎట్లా చేయాలి?

“మందులు రాయలేదా అత్తమ్మా?”

“ఇంక అంత ముదరలేదంట. ముందుగాల నడువుమన్నడు. గిట్ల ఎప్పటికీ కూసుంటే కండ నిద్రపోతదంట. ఇన్సులిన్ అచ్చి తలుపు కొట్టినా తియ్యదంట. ఇగ చక్కెర నెత్తుర్లనే తిరుగుతదంట.”

“నడిస్తే?”

“కండ మేల్కొని ఆ చక్కెరను తానే గుంజుకుంటదంట. నడిచచ్చినంక గూడ తెల్లారే దాక ఆ తలుపు అల్కగ తెరుసుకుంటదంట. గందుకే ఒక్క దినం గూడ ఇడువద్దన్నడు.”

“అయితే నడువు మరి.”

“ఒక్కదాన్నే పోయి ఏడన్న పడితే? నువ్వు గూడ రావాలె.”

మొగుడు ఊళ్లో లేని ఆడది ఊరికే రోడ్డు మీద తిరిగితే నలుగురూ నాలుగు మాటలంటారు. అత్త వెంట ఉంటే ఎవరికీ నోరు లేవదు. నీల ఇంకేం వంక చెప్పగలదు?

నడకతో పోతే బాగుండేది. “నువ్వు తింటుంటే నాకు నోరూరుతది” అంటూ దేవవ్వ ఇద్దరికీ బువ్వ తగ్గించి కూర పెంచింది. చాయ్‌లో చక్కెర మానేసింది, కోడలి గ్లాసులో కూడా.

ఇవాళ కూడా టెంటు దగ్గరికి రాగానే దేవవ్వ మోకాలు పట్టుకుని కుర్చీలో చతికిలబడింది.

“నీలా, జగిత్యాల బస్సులు ఏమన్న నడుస్తున్నయేమో బస్టాండు దాక పోయి చూసిరా.”

“అన్ని బందే గదా! నిన్న గూడ చూసచ్చిన.”

“నిన్నటి ముచ్చట నిన్ననే. జర జల్ది నడువు.”

“షుగర్ నీకు, నడక నాకా?”

టెంటు కింద కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. దేవవ్వ కూడా నవ్వింది. నీలకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ ఎండలో పోయి ఖాళీ బస్టాండు చూసి రావడం, వచ్చాక కుంటుతున్న అత్త వెంట మళ్లీ ఇంటిదాకా నడవడం. ఎవరితో చెప్పుకుంటుంది?

సాయంత్రం అరుగు మీద కూర్చుని అత్త పాదాలు ఒళ్లో పెట్టుకుంది. వేళ్ల సందుల్లో ఎక్కడైనా పుండు లేస్తుందేమోనని రోజూ చూడటం అలవాటైపోయింది.

“ఏం లేదు తియ్యే. ఏదీ, నీ కాళ్లు గూడ చూడనియ్యి.”

“నా కాళ్లకేమైంది?” అని నీల విసుక్కుంది.

దేవవ్వ వినకుండా ఆమె పిక్కలకు నూనె రాసింది.

సమ్మె ముగిసింది. తెలంగాణ రాలేదు గానీ బస్సులొచ్చాయి. నడక మాత్రం ఆగలేదు. బస్సులు చూసి రమ్మనే వంక పోతే కూరగాయలు తెమ్మనే వంక దొరికింది దేవవ్వకు. నీల పోరాడి పోరాడి ఊరుకుంది. ఈ మధ్య చెంబులో నీళ్లు మిగులుతున్నాయని, చాట ముందు కునుకు రావడం లేదని ఆమె గమనించనే లేదు. ఆమె బెంగంతా అత్త కాళ్ల మీదే ఉంది.

చలికాలం మొదలయ్యాక ఇద్దరూ మళ్లీ అబ్రార్ దవాఖానకు పోయారు. నీల లోలోపల దేవుళ్లందరికీ మొక్కుకుంటోంది. సూది చూడగానే దేవవ్వ షరా మామూలుగా చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ముందుగాల దానికే సార్.”

నీల విసుగ్గా వేలు చాచింది. డాక్టర్ నెత్తుటి బొట్టు తీసుకుని, చేతిలోని మిషన్ వంక చూసి హాయిగా ఊపిరి వదిలాడు.

“గెలిచినవ్ దేవవ్వా! ఇగ గోలీల దాక పోవుడు అవసరం లేదు. ఈ నడక మాత్రం బంద్ చెయ్యకుండ్రి.”

దేవవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. నీలకు ఏమీ అర్థం కాలేదు.

“అదేంది సార్? అత్తమ్మ వేలు ఇంక చూడనే లేదు గద!”

డాక్టర్ దేవవ్వ వైపు చూశాడు. ఆమె మొహం అటు తిప్పుకుని వాచిన మోకాలు రుద్దుకుంటోంది.

“ఆమెకు షుగర్ ఎన్నడు లేదు చెల్లె.”