పిట్టల బాబాయి

బైనాక్యులర్స్ దించి, కళ్ళు నులుముకుని, మళ్ళీ ఎత్తాడు పిట్టల బాబాయి. చెరువు ఖాళీ. ఒడ్డు పొడుగునా మెత్తటి బురద. దాని మీద ఒక్క పిట్ట కాలి గుర్తు లేదు.

"ఎక్కడ చచ్చాయో!" అన్నాడు పైకే.

ప్రతి వసంతంలోనూ ఏయే దేశాల నుంచో ఉల్లంకి పిట్టలు ఈ దారినే పోతాయి. పొడుగు కాళ్ళు, పొడుగు ముక్కులు. ఈ బురదలో దిగి నాలుగు పురుగులు ఏరుకు తిని, అలుపు తీర్చుకుని మళ్ళీ ఎగిరిపోతాయి. అలాంటిది ఈ ఏడు ఎండలు ముదురుతున్నా ఒక్కటీ పత్తా లేదు.

పోయినవారం పై అధికారి జీపు దిగి, చెరువు వైపు ఓసారి చూసి, మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"పిట్టలే రాని చెరువుకి మనిషెందుకయ్యా? నెలాఖరు దాకా చూస్తాం. రాకపోతే నీ పోస్టు ఎత్తేస్తారు."

"వస్తాయి సార్. కాస్త వెనకా ముందూ..."

"వస్తే నీ అదృష్టం."

అప్పట్నుంచీ బాబాయికి తిండి సయించడం లేదు. ఈ వయసులో పిలిచి పని ఎవడిస్తాడు? పిట్టలు తప్ప ఆయనకి తెలిసిన విద్య మరొకటి లేదాయె. తెల్లారకుండానే చెరువుకి పరిగెత్తడం, మొహం వేలాడేసుకుని ఇంటికి రావడం.

"నాకోసం ఒక్కరోజైనా ఇలా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశారా?" అంది భార్య.

"నువ్వు రాకపోతే ఉద్యోగం ఊడదుగా!" అని కసిరాడు.

నిన్న ఉండబట్టలేక ఒడ్డంతా తిరిగి ప్లాస్టిక్ సంచులూ సీసాలూ తనే ఏరిపారేశాడు. అటుగా నడకకొచ్చిన టీచరమ్మ మురిసిపోయింది.

"మీలాంటి పక్షిప్రేమికులు ఊరికొక్కరుంటే చాలు బాబాయ్‌గారూ!"

అంతలో ఆవిడ కుక్క నీళ్ళలోకి దూకి భౌభౌమంది. బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ముందా కుక్కని కట్టెయ్యండమ్మా! అందరూ ఇలా బెదరగొడుతుంటే ఇంక అవి దిగినట్టే!"

టీచరమ్మ నొచ్చుకుని, కుక్కని లాక్కుంటూ వెళ్ళిపోయింది. తర్వాత ఆయనకే సిగ్గేసింది. ఆవిణ్ణని ఏం లాభం? రాని పిట్టల్ని తిట్టలేక ఎదురొచ్చిన మనుషుల మీద పడుతున్నాడు.

ఇవాళ నెలాఖరు. పొద్దెక్కింది. గట్టు మీద అధికారి జీపు ఆగింది. 'అయిపోయింది, నా నోట్లో మన్ను పడింది' అనుకున్నాడు బాబాయి.

అప్పుడు వినిపించింది, సన్నటి ఈల. తలెత్తాడు. ఆకాశంలో ఓ మరక. చూస్తుండగానే అది గుంపయింది. గుంపు చెరువు మీద చుట్టు తిరిగి, కాళ్ళు చాపి, బురదలో వాలింది. ఒకటా రెండా, ఒడ్డంతా అవే!

"వచ్చారా తల్లుల్లారా! నా ప్రాణం నిలబెట్టారే!"

బాబాయి కళ్ళమ్మట జలజలా నీళ్ళు. అధికారి వచ్చి భుజం తట్టాడు.

"నీ ఉద్యోగానికి ఇక ఢోకా లేదు. కానివ్వు మరి."

బాబాయి కళ్ళు తుడుచుకుని, చప్పుడు తుపాకీ గాలిలోకెత్తి ఢామ్మని పేల్చాడు. అవతలి విమానాశ్రయంలో దిగే విమానాలకి అడ్డు రాకుండా, చెరువులో వాలిన పిట్టనల్లా తరిమికొట్టడమే మరి ఆయన ఉద్యోగం.