కీమో కుర్చీకి చెప్పిన అబద్ధం

మా ఆయనకి క్యాన్సరంటే భయం లేదు గానీ, పళ్ళ డాక్టరంటే వణుకు. ఇలాంటి మనిషితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను.

ఇప్పుడు కీమో అందరికీ ఇంట్లోనే. కుర్చీ వస్తుంది, ప్రశ్నలడుగుతుంది, జవాబులు నిజమేనని ఇంట్లోవాళ్ళు వేలిముద్ర వేస్తేనే మందు ఎక్కిస్తుంది. మా కుర్చీ హాల్లో, కుట్టుమిషను పక్కన దిగింది.

"నోట్లో పుండ్లు గానీ, పంటి నొప్పి గానీ ఉన్నాయా?" అని అడిగింది.

"లేవు," అన్నారాయన దర్జాగా.

నేను వేలిముద్ర వేయకుండా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

"వెయ్యవే, ఆలస్యమవుతోంది."

"రెండు నెలలుగా జంతికలు ఎడంవైపే నములుతున్నారు. కుడి దవడ అద్దెకిచ్చారా?"

"చిన్న పంటి నొప్పికి మందు ఆపేస్తుందే అది!"

"ముందు పన్ను బాగుచేయించుకోమనేగా అడిగేది! మందు పడ్డాక ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గిపోతుంది. అప్పుడా పంటి చీము రక్తంలోకి పాకితే ప్రాణం మీదికొస్తుంది."

కుర్చీ ఓపిగ్గా మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఆయన నావైపు చూశారు. నేను ఒకే కాయకు రెండోసారి ఈనె తీస్తున్నాను.

చివరికి కుడి దవడ పట్టుకుని, కుర్చీతోనే అన్నారు: "పన్ను నొప్పిగా ఉంది. అబద్ధం చెప్పాను. తప్పు నాదే."